సమోవన్ జట్టులో మా అమ్మాయి: ఈ ఏటి పాలీఫెస్ట్ అనుభవం

పాలీఫెస్ట్ అంటే న్యూజిలాండ్‌లోని ఆక్లండ్‌లో హైస్కూలు పిల్లలు మావోరీ, పసిఫిక్ దీవుల ఆటపాటలతో జట్లుగా పోటీపడే ఏటేటి పండుగ. ఇక్కడ చదివే మన పిల్లలు అందులో పాల్గొంటే సాధారణంగా ఇతర సంస్కృతుల కోసం ఉండే డైవర్సిటీ వేదిక మీద, మన నృత్యాలతోనే కనిపిస్తారు. మా పెద్దమ్మాయి మాత్రం ఈ ఏడాది పసిఫిక్ దీవుల్లోని సమోవా వారి నాట్యాలు జరిగే సమోవన్ వేదిక మీద, తన స్కూలు సమోవన్ జట్టులో నిలబడి ఆడింది. ఇది 2025, పాలీఫెస్ట్‌కు యాభయ్యో ఏడు. నవంబరులో పేరు ఇచ్చిన దగ్గర నుంచి ఏప్రిల్ మొదటి వారంలో ప్రదర్శన ముగిసేదాకా మా ఇంట్లో ఏం జరిగిందో, ఎంత ఖర్చయిందో, పిల్ల ఎలా తట్టుకుందో తెలిసిన తెలుగువారు చాలామంది అడుగుతున్నారు. తమ పిల్లలను పంపాలా వద్దా అన్న ఆలోచనలో ఉన్నవారికి పనికొస్తుందని జరిగింది జరిగినట్టు వరుసగా రాస్తున్నాను.

మేము దక్షిణ ఆక్లండ్‌లోని పాపాటోయిటోయిలో ఉంటాము. అమ్మాయికి పదిహేనేళ్ళు, ఇయర్ 11 చదువుతోంది, చిన్నప్పటి నుంచి కూచిపూడి నేర్చుకుంటోంది. కిందటి నవంబరు మొదటి వారంలో సమోవన్ జట్టులో చేరదలచినవారు పేర్లు ఇవ్వాలని స్కూల్లో ప్రకటించినప్పుడు, తన స్నేహితురాలితో పాటు తానూ పేరు రాసి వచ్చి, ఆ తర్వాతే మాకు చెప్పింది. మా వారు వెంటనే "మరి చదువు సంగతేమిటమ్మా?" అన్నారు. నా బెరుకు వేరు. అది వాళ్ళ తాతముత్తాతల నాటి నుంచి వస్తున్న విద్య. మన పిల్ల వెళ్ళి అందులో నిలబడితే వాళ్ళేమనుకుంటారో, ఎవరైనా చిన్నబుచ్చితే ఎలాగో అని ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు.

నవంబరు 14, గురువారం సాయంత్రం తల్లిదండ్రుల సమావేశం జరిగింది. అర్జీ నింపి డబ్బు కట్టి వచ్చేయడమే కదా అనుకుని వెళ్ళాము. అక్కడ ముందు ప్రార్థన, తర్వాత అందరూ లేచి నిలబడి పాట, ఆ తర్వాత పెద్దల పలకరింపులు, అవన్నీ అయ్యాకే అసలు విషయం. ప్రతి ఇంటికీ ఒక కాగితం ఇచ్చారు. అందులో సాధన వేళలు, రుసుము, నియమాలు ఉన్నాయి. జనవరి 20న సాధన మొదలు. స్కూలు తెరిచాక మంగళ, గురువారాలు మధ్యాహ్నం 3:30 నుంచి 6:30 దాకా, శనివారాలు ఉదయం 9 నుంచి 3 దాకా. ఆదివారం చర్చికి వెళ్ళే రోజు కాబట్టి సాధన ఉండదు. కారణం చెప్పకుండా మూడుసార్లు మానేస్తే జట్టులో చోటు పోతుంది. చదువులో ఏ అసెస్‌మెంట్ అయినా బాకీ పడితే అది పూర్తి చేసేదాకా వేదిక ఎక్కనివ్వరు. ఈ ఆఖరి నియమం చదివాక మా వారి ముఖం కొంచెం తేటపడింది.

మా అమ్మాయికి భాష రాదని, మా మతం వేరని, ఇంట్లో మాంసం తినమని మా వారు మొహమాటపడుతూనే చెప్పారు. ముందు వరుసలో కూర్చున్న ఒక పెద్దావిడ వెనక్కి తిరిగి మమ్మల్ని ఇద్దరినీ పరీక్షగా చూసి, "అవన్నీ మేము చూసుకుంటాము, కానీ పిల్ల ఒక్కతే వస్తే చాలదు, మీ ఇల్లంతా రావాలి" అన్నారు. మర్యాదకు అన్న మాట అనుకున్నాను. ఆ తర్వాత ఐదు నెలలూ ఆ మాట చుట్టూనే తిరిగాయి. ఈ వ్యాసంలో మిగతావి మరిచిపోయినా ఇది ఒక్కటి గుర్తుంచుకోండి. ఇది వారానికి రెండు గంటలు దింపి తెచ్చుకునే నాట్య తరగతి కాదు. పిల్ల చేరితే తల్లిదండ్రులూ చేరినట్టే.

ఖర్చు సంగతి ఇక్కడే చెప్పేస్తాను. జట్టు రుసుము 180 డాలర్లు, మూడు వాయిదాల్లో కట్టవచ్చు. సాధన టీషర్టు 35. సాధనకు కట్టుకునే నల్ల లావాలావా (నడుముకు చుట్టుకునే బట్ట), లోపల వేసుకునే నిక్కరు కలిపి 40. రెండు శిబిరాలకు 50 చొప్పున 100. కొబ్బరినూనె, జడపిన్నులు, ముడికి వల వంటివి 20. ప్రదర్శనకు ముందు కుటుంబాల రాత్రి నాడు ఇచ్చినది 60. పెట్రోలు, పాలీఫెస్ట్ టికెట్లు కాక 435 డాలర్లు అయ్యాయి. కట్టుకోలేని ఇళ్ళ పిల్లలను ఎవరూ ఆపలేదు. వాళ్ళ వాటా నిధుల సేకరణలో సర్దుతారు, ఎవరి వాటా సర్దారో ఎవరికీ తెలియనివ్వరు. ఆ పద్ధతి నాకు ఎంతో నచ్చింది.

జనవరి 20న మొదటి సాధనకు దింపినప్పుడు పిల్ల తన కూచిపూడి సాధనకు కట్టుకునే దుపట్టా కూడా సంచిలో పెట్టుకుంది. అది తీసే అవసరమే రాలేదు, ఎందుకంటే మొదటి రెండు వారాలూ నాట్యమే లేదు. హాలులో చాపల మీద బాసింపట్లు వేసుకుని కూర్చుని పాటలు నేర్చుకోవడమే పని. ఇక్కడ జనవరి అంటే ఎండాకాలం, తలుపులన్నీ తెరిచినా గాలి ఆడేది కాదు. పాటలన్నీ సమోవన్ భాషలోనే. మాటకు అర్థం తెలియకుండా చేయి కదిపితే ఆ చేయి అబద్ధం చెబుతుందని గురువు అనేవారట. అందుకని ప్రతి పాదానికీ అర్థం చెప్పి, పలికించి, తప్పు పలికిన పిల్ల చేత మళ్ళీ పలికించి, ఆ తర్వాతే రాగం కట్టించారు.

పాటల కాగితాలు ఇంటికి తెచ్చుకుని మా అమ్మాయి ఒక నోటుపుస్తకంలో తెలుగు లిపిలో రాసుకోవడం మొదలుపెట్టింది. సమోవన్‌లో హ్రస్వానికీ దీర్ఘానికీ తేడా ఉంది. దాన్ని ఇంగ్లీషు అక్షరాల మీద అడ్డగీతతో గుర్తు పెడతారు, ఆ గీత కంటికి ఆనక పిల్లలు తరచూ తప్పు పలుకుతారు. మన గుణింతంలో ఆ ఇబ్బంది లేదు. వాళ్ళు 'జి' అక్షరం రాసిన చోట ముక్కుతో పలికే ధ్వని వస్తుంది. దానికి మన 'ఙ' అచ్చంగా సరిపోయింది. అక్షరమాలలో తప్ప ఇంకెక్కడా పెద్దగా చూడని ఆ అక్షరం మా అమ్మాయి పుస్తకంలో పేజీకి పదిసార్లు కనిపించేది. ఫిబ్రవరిలో ఒకరోజు గురువు ఆ పుస్తకం చూసి, ఏ భాష అని అడిగి, జట్టు ముందు దాని చేత పాట మొత్తం పలికించారట. ఆ రోజు ఇంటికి వచ్చి చెప్పిన తీరు చూస్తే, దానికి అక్కడ చోటు దొరికిందని నాకు మొదటిసారి నమ్మకం కలిగింది.

ఫిబ్రవరిలో సాసా మొదలైంది. జట్టంతా వరుసల్లో కూర్చుని, చెక్కతో తొలిచిన పాతే అనే డప్పు దెబ్బకు ఒక్కసారిగా కదిలే నాట్యం అది. ముందు నిలబడి అందరినీ నడిపించే విద్యార్థిని ఫువాతైమి అంటారు. అతడు చేయి ఎత్తితే నూరు మందికి పైగా పిల్లలు ఒకే ఊపిరి తీయాలి. అందులో చప్పట్లు రెండు రకాలు. అరచేతులు చాచి కొట్టేది పతి, సన్నగా పదునుగా వినిపిస్తుంది. అరచేతులు దోసిలిలా వంచి ఒకదాని మీద ఒకటి అడ్డంగా కొట్టేది పో, లోపలి నుంచి బొంగురుగా వినిపిస్తుంది. మా అమ్మాయికి మొదటిది వెంటనే వచ్చింది, రెండవది ఎంతకూ రాలేదు. అన్నం తినేముందు బల్ల దగ్గర, కారులో, స్నానానికి నీళ్ళు కాగే లోపల, ఎప్పుడు చూసినా అదే సాధన. బొటనవేళ్ళ మధ్య సందు లేకుండా మూసి, మణికట్టు వదులు చేసి కొట్టమని స్నేహితురాలి తమ్ముడు చూపించాక గానీ ఆ బొంగురు శబ్దం పలకలేదు. వాడికి ఎనిమిదేళ్ళు. ఆ వయసుకే ఆ పిల్లలకు అది చేతిలో ఉంటుంది.

కూచిపూడి వచ్చు కాబట్టి తేలిక అవుతుందని చాలామంది అన్నారు. కొంత నిజమే. లయ తప్పదు, మోకాళ్ళు వంచి ఎక్కువసేపు నిలబడగలదు, చేయి వెళ్ళినచోటికి చూపు వెళ్ళడం అలవాటే. కానీ పాదం విషయంలో అన్నీ తిరగబడ్డాయి. మన దగ్గర నేల మీద గట్టిగా కొట్టి గజ్జె పలికించాలి, అక్కడ అమ్మాయిలు ఆడే సివా అనే నాట్యంలో అరికాలు నేలను నిమిరినట్టు జరగాలి. వేళ్ళు కూడా మన హస్తాల్లా బిగువుగా నిలబడకూడదు, మణికట్టు నుంచి నీళ్ళు జారినట్టు వంపు తిరగాలి. "నీ చేతులు చాలా తెలివైనవి, కొంచెం మెత్తబడనివ్వు" అని గురువు చెప్పారట. ఏళ్ళ తరబడి పట్టుబట్టి నేర్చుకున్న బిగువును వదిలించుకోవడం కొత్తగా నేర్చుకోవడం కన్నా కష్టమని నేను దగ్గరుండి చూశాను. నెల రోజులకు పైగా కూచిపూడి సాధన ఆపేయాల్సి వచ్చింది. ఆ గురువుగారికి ముందే ఫోన్ చేసి చెబితే సంతోషంగా సరేనన్నారు.

శరీరం మీద పడే భారం గురించి ఎవరూ ముందుగా చెప్పరు. గంటల తరబడి కింద కూర్చోవడంతో చీలమండల మీద చర్మం కమిలి నల్లబడింది. పాటలు పెద్ద గొంతుతో పాడాలి కాబట్టి ఫిబ్రవరి మూడో వారంలో గొంతు పూర్తిగా పోయి, నాలుగు రోజులు రాసి చూపించింది. ఫఆతౌపతి అని మగపిల్లలు ఒళ్ళంతా చరుచుకుంటూ చేసే అంశం ఉంది. ఆ పిల్లల ఛాతీలు, తొడలు ఎర్రగా కందిపోయి ఉండేవి. సాధన రోజుల్లో 7 గంటలకు ఇంటికి వచ్చి తిని, హోంవర్కు ముగించేసరికి 11 అయ్యేది. స్కూలు వారు ఈ ప్రదర్శన వీడియోను డాన్స్ సబ్జెక్టులో ఒక అసెస్‌మెంట్‌కు లెక్కలోకి తీసుకున్నారు. అన్ని స్కూళ్ళూ అలా చేయవు, ముందే అడిగి తెలుసుకోండి.

ఫిబ్రవరి 22, శనివారం నిధుల కోసం ఒక పెద్ద దుకాణం ముందు సాసేజ్‌లు కాల్చి అమ్మారు. మా వంతు రెండు గంటలు. మేము మాంసం ముట్టుకోమని తెలిసి ఆంటీలు నా చేతికి ఉల్లిపాయల బస్తా, ఒక పెనం ఇచ్చారు. కళ్ళు మండుతున్నా, పక్కనున్న ఆంటీలతో కబుర్లు చెప్పుకుంటూ ఆ రెండు గంటలూ ఇట్టే గడిచిపోయాయి. ఈ దేశంలో పదకొండేళ్ళుగా ఉంటున్నాము, పక్క వీధిలోని సమోవన్ కుటుంబాల పేర్లు నాకు తెలిసింది ఆ రోజే. వాళ్ళలో ఇద్దరు మా ఆసుపత్రిలోనే రాత్రి షిఫ్టు చేస్తారట.

ప్రార్థన గురించి కూడా దాచకుండా చెప్పాలి. ప్రతి సాధనకూ ముందు, చివర క్రైస్తవ ప్రార్థన ఉంటుంది. భోజనానికి ముందు ఉంటుంది, కుట్టుపని మొదలుపెట్టే ముందు కూడా ఉంటుంది. మా వారికి ఇది మొదట్లో ఇబ్బందిగా అనిపించింది, రెండు మూడు రాత్రులు దాని గురించే మాట్లాడుకున్నాము. చివరికి అమ్మాయే, "నాన్నా, వాళ్ళు ప్రార్థిస్తుంటే నేను తల వంచి చేతులు జోడించి నిలబడతాను, మనసులో నాకు వచ్చిన శ్లోకం చెప్పుకుంటాను, వాళ్ళు నన్ను ఏమీ అడగరు" అంది. నిజంగానే ఎవరూ ఏమీ అడగలేదు, ఎవరూ బలవంతపెట్టలేదు. కానీ ప్రార్థనను వేరు చేసి నాట్యం మాత్రమే నేర్పమంటే అక్కడ కుదరదు. దానికి మనసు ఒప్పుకోని కుటుంబాలు చేరకముందే ఆలోచించుకోవడం మంచిది.

మార్చి 1న వరుసలు ప్రకటించారు. మా అమ్మాయిది చిట్టచివరి వరుస, ఎడమ కొస. జనవరి నుంచి ఒక్క సాధనా మానని పిల్ల కారు ఎక్కగానే బావురుమంది. నాకూ కడుపు తరుక్కుపోయింది, వెళ్ళి అడుగుదామా అని కూడా అనుకున్నాను. మా వారు వద్దన్నారు. మంగళవారం సాధనలో గురువే దాన్ని పక్కకు పిలిచి, చివరి వరుస కొసన ఉన్నవారు తడబడితే వేదిక పక్క నుంచి చూసే న్యాయనిర్ణేతలకు అదే ముందు కనబడుతుందని, అందుకే అక్కడ తాను నమ్మినవారిని పెడతానని చెప్పారట. ఆ గురువుకు ఇరవై మూడేళ్ళు ఉంటాయి, అదే స్కూలు పూర్వవిద్యార్థి. 2020లో తన చివరి ఏడాది నెలల తరబడి సాధన చేసి, ముందు వరుసలో చోటు సంపాదించుకుని, కోవిడ్ వల్ల కొద్ది రోజుల ముందు పండుగే రద్దయితే వేదిక ఎక్కకుండానే స్కూలు వదిలిన మనిషి. అంతకు ముందటి ఏడాది క్రైస్ట్‌చర్చ్ మసీదుల మీద దాడి జరిగిన మర్నాడు చివరి రోజు కార్యక్రమాలన్నీ ఆగిపోయాయి. ఇవన్నీ విన్నాక వరుస గురించి మా అమ్మాయి మళ్ళీ మాట ఎత్తలేదు.

మొదటి శిబిరం మార్చి 14 నుంచి 16 దాకా జరిగింది. పిల్లలందరూ స్కూల్లోనే, తరగతి గదుల్లో పరుపులు పరుచుకుని పడుకున్నారు. ఆడపిల్లల గదుల వద్ద తల్లులు వంతులవారీగా కాపలా ఉండాలి. నాకు శుక్రవారం రాత్రి పడింది. ఉదయం 6 గంటలకే లేపి పరుగెత్తించి, పాడించి, ఆ తర్వాత ఫలహారం. ఆంటీలు సపాసుయి అనే నూడిల్స్ వంటకం వండినప్పుడు మాంసం లేకుండా ఒక చిన్న గిన్నె వేరుగా తీసి, మూత మీద మా అమ్మాయి పేరు రాసి పెట్టారు. శనివారం మధ్యాహ్నానికి నేను పెద్ద గిన్నెడు పులిహోర చేసి తీసుకెళ్తే, మగపిల్లలు దాన్ని టారో దుంపలతో కలుపుకుని క్షణాల్లో ఖాళీ చేశారు.

ఆ శనివారం రాత్రి ఒక అవ్వ పిల్లలను చుట్టూ కూర్చోబెట్టుకుని తన చిన్ననాటి సంగతులు చెప్పారు. వీసా గడువు దాటినవారి కోసమంటూ 1970లలో పోలీసులు తెల్లవారకముందే పసిఫిక్ కుటుంబాల తలుపులు బాదేవారట. అన్నయ్యలు మంచం కింద దాక్కునేవారట. బస్సులో సమోవన్‌లో మాట్లాడవద్దని అమ్మ నోరు మూసేదట. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1976లో, ఓటరాలోని హిల్లరీ కాలేజీలో ఈ పండుగ మొదటిసారి జరిగింది. ఆ దాడులకు ప్రభుత్వం తరఫున ప్రధాని జసిండా ఆర్డెర్న్ క్షమాపణ చెప్పింది 2021 ఆగస్టు 1న. "మేము దాక్కున్న ఊళ్ళోనే మీరు మైకు పెట్టి పాడుతున్నారు, మెల్లగా పాడకండి" అని ఆ అవ్వ అన్నారు. వీసా కాగితాల కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూసినవాళ్ళం కాబట్టి ఆ మాట నాకు సూటిగా తగిలింది. ఆ తర్వాతి సాధనలో పిల్లల గొంతు ప్రహరీ అవతలికి వినిపించింది.

దుస్తుల విషయంలో పెద్ద ఆందోళన పడ్డాము. కుట్టడానికి ఇచ్చిన చోట వారం ఆలస్యం చేసి మార్చి 21న అందించారు. వేసి చూస్తే సగం రవికలకు చంకల దగ్గర కుట్లు విడిపోతున్నాయి. ఆ వారమంతా ఎనిమిది మంది తల్లులం స్కూలు టెక్స్‌టైల్ గదిలో కూర్చుని రాత్రి పది దాకా మళ్ళీ కుట్టాము. సియాపో (సమోవన్ల సంప్రదాయ నారబట్ట) అచ్చులు వేసిన ఆ బట్ట దళసరి, సూది ఒంటిపొరలో దిగినట్టు మడతలో దిగదు. ఒక ఆంటీ సబ్బుబిళ్ళ మీద సూది గీసి గుచ్చడం చూపించాక పని తేలికైంది. మెడలో వేసుకునే ఎర్రని ఉలాలు పిల్లలే గుచ్చుకున్నారు. చెవులకు, చేతులకు, మెడకు సొంత నగలేవీ ఉండకూడదు, గోళ్ళకు రంగు ఉండకూడదు. విజయవాడ నుంచి వీడియో కాల్‌లో చూసిన మా అమ్మ, "అయ్యో, పిల్ల బోసి చెవులతో ఉందేమిటే" అని బాధపడింది. అమ్మమ్మకు అమ్మాయే ఓపిగ్గా నచ్చజెప్పింది.

మార్చి 27, గురువారం కుటుంబాల రాత్రి. పూర్తి అలంకరణతో, బంధుమిత్రుల ముందు మొత్తం ప్రదర్శన అక్కడ మొదటిసారి చేస్తారు. వెళ్ళేవారు 5, 10 డాలర్ల నోట్లు దగ్గర పెట్టుకోండి, ఇది ఎవరూ ముందుగా చెప్పని విషయం. చివరి అంశం తౌఅలుంగ. ఈకలు, గవ్వలు, వెంట్రుకలు, చిన్న అద్దాలతో కట్టిన తుయింగ అనే ఎత్తైన శిరోభూషణం పెట్టుకుని జట్టు నాయకురాలు ఒక్కతే మధ్యలో నెమ్మదిగా ఆడుతుంటే, చుట్టూ మిగతావారు కేకలు వేస్తూ, చిందులు తొక్కుతూ ఆమె నిదానాన్ని మరింత ఎత్తి చూపిస్తారు. అప్పుడు పెద్దలు లేచి, తామూ ఒక అడుగు వేస్తూ వెళ్ళి, ఆమె ముందు నోట్లు ఉంచి వస్తారు. మన పెళ్ళిళ్ళలో చదివింపులు చదివించినట్టే ఇదీ, పేర్లు చదవడం లేదు అంతే. మా వారు ముందు సంకోచించినా రెండోసారి నన్ను కూడా లేవదీసుకుని వెళ్ళారు. వంగి, "తులౌ" (క్షమించండి) అంటూ కూర్చున్నవారి ముందు నుంచి దాటాలి. మా అమ్మాయి అప్పటికే ఇంట్లో టీవీ ముందు నుంచి వెళ్ళేటప్పుడు కూడా నడుం వంచి తులౌ అనడం మొదలుపెట్టింది.

రెండో శిబిరం 28 నుంచి 30 దాకా. 30వ తేదీ ఆదివారం ఉగాది. పండుగ పూట పిల్ల ఇంట్లో ఉండదని నేను దిగులు పడితే, ఉదయం ప్రార్థనలు అయ్యాక జరిగే తోఓనాయి విందుకు కుటుంబాలన్నీ రావాలని కబురు వచ్చింది. ఎండు వేపపువ్వు ఇండియన్ షాపులో ముందే కొని ఉంచాను. పచ్చడి ఒక బకెట్టులో కలిపి తీసుకెళ్ళాము. మా అమ్మాయి లేచి నిలబడి, ఇది మా కొత్త సంవత్సరమని, ఈ రుచులన్నీ కలిపి ఎందుకు తింటామో అందరికీ చెప్పింది. నలుగురిలో నోరు తెరవాలంటే వణికే పిల్ల అది. ఒక్కొక్కరికీ చెంచాడు వడ్డించాము. చేదు తగిలిన చోట కొన్ని మొహాలు ముడుచుకున్నాయి, కానీ ఎవరూ పారేయలేదు. అందరూ తిన్నాక జట్టంతా లేచి మా కుటుంబం వైపు తిరిగి కృతజ్ఞతగా ఒక పాట పాడారు. మా వారు కళ్ళు తుడుచుకోవడం ఆ రోజు చూశాను.

ఈ ఏడాది పాలీఫెస్ట్ ఏప్రిల్ 2 నుంచి 5 దాకా మనుకావు స్పోర్ట్స్ బౌల్‌లో జరిగింది. మా వంతు 3వ తేదీ, గురువారం మధ్యాహ్నం 1 గంటకు. పిల్లలు తెల్లవారుజామున 5 గంటలకే స్కూల్లో ఉండాలి. జడలు బిగించి ముడులు వేయడానికే రెండు గంటలు పట్టింది. నేను ఇరవై తలలకు పైగా దువ్వాను. ఒంటికి కొబ్బరినూనె రాయడం వేదిక ఎక్కే ముందే చేయాలి, ముందుగా రాస్తే బట్ట మరకలవుతుంది. మైదానంలో నీడ తక్కువ, టోపీ, గొడుగు, కూర్చోవడానికి చాప తప్పకుండా తీసుకెళ్ళండి. సిగరెట్లు, మద్యం పూర్తిగా నిషేధం, చిన్నపిల్లలతో హాయిగా తిరగవచ్చు. వేదికలు వేర్వేరుగా ఉంటాయి కాబట్టి మావోరీ, టోంగన్, కుక్ ఐలాండ్స్, నియూయే వేదికలు కూడా చూడాలనుకుంటే ఇంకో రోజు కేటాయించుకోండి. పిల్ల ఆడే రోజు ఏదీ చూడలేరు. పానికేకేలు మాత్రం తినండి, వేడిగా ఉన్నప్పుడు మన తీపి బోండాల్లా ఉంటాయి.

ఎక్కువ కష్టపెట్టింది ఎదురుచూపే. పిల్లలు వేదిక వెనుక గుడారంలో బట్ట నలగకూడదని కూర్చోకుండా గంటన్నర నిలబడ్డారు. మంచినీళ్ళు కూడా స్ట్రాతో గుక్కెడే. ముందు జట్టు కార్యక్రమం ఆలస్యమై మా వంతు 1:25కి వచ్చింది. ఆ సమయానికి ఆంధ్రలో తెల్లవారి 5:55. మా అమ్మ, అన్నయ్య కుటుంబం ఆన్‌లైన్ ప్రసారం పెట్టుకుని కూర్చున్నారు. ఉలుఫలే అనే ప్రవేశ పాటతో జట్టు లోపలికి నడిచినప్పుడు నేను చివరి వరుస ఎడమ కొసను తప్ప ఇంకేమీ చూడలేదు. సాసాలో పో చప్పట్లు వచ్చిన చోట ఆ నూరు చేతుల్లో దాని చేతి శబ్దం నాకు విడిగా వినిపించిందని మా వారితో అంటే ఆయన కాదనలేదు. నవ్వు ఒక్క క్షణం కూడా చెరగలేదు. అరగంట లోపే అంతా అయిపోయింది. వేదిక దిగి వచ్చి నన్ను పట్టుకున్నప్పుడు ఆ నూనె నా చీర నిండా అంటుకుంది. అమ్మ ఫోన్ చేసి, "పిల్లలంతా ఒక్కలాగే ఉన్నారే, మన పిల్ల ఏదో వెతుక్కోవాల్సి వచ్చింది" అంది. ఆ మాట చెబితే గురువు ఎంతో పొంగిపోయారు.

ఫలితాలు శనివారం, 5వ తేదీ సాయంత్రం. గురువారం నుంచి రెండు రోజులూ పిల్లలు ఫోన్లు పట్టుకుని నిద్రపోలేదు. మా జట్టుకు ఒక అంశంలో మూడో స్థానం వచ్చింది, మొత్తం మీద ఏమీ రాలేదు. కొందరు గట్టిగా ఏడ్చారు. పెద్దపిల్లలే చిన్నవారిని దగ్గరకు తీసుకుని, గెలిచిన జట్టు కోసం లేచి నిలబడి పాడించారు. ఇంటికి వచ్చేసరికి రాత్రి 9 దాటింది. మరుసటి రోజు మధ్యాహ్నం దాకా మా అమ్మాయి లేవలేదు.

ఏప్రిల్ 10, గురువారం దుస్తులు తిరిగి ఇచ్చే రోజు. చేత్తో చల్లటి నీళ్ళలో ఉతికి, నీడన ఆరబెట్టి, పేరు రాసిన సంచిలో ఇవ్వాలి. నూనె మరకలు పోవడానికి ముందురోజు రాత్రి సెనగపిండి పట్టించి ఉంచితే బాగా పోయాయి, ఆ సంగతి ఆంటీలు రాసుకున్నారు. ఉలా మాత్రం పిల్లలు ఉంచుకోవచ్చు. వెనకబడిన ఇంగ్లీషు, సైన్సు పని పూర్తి చేయడానికి స్కూలు ఈ సెలవుల చివరిదాకా గడువు ఇచ్చింది. ప్రస్తుతం మా అమ్మాయి ఆ పనిలో ఉంది. వచ్చే సోమవారం నుంచి కూచిపూడి మళ్ళీ మొదలు. వచ్చే ఏటి జట్టుకు నవంబరులో పేర్లు తీసుకుంటారు. మా అమ్మాయి పేరు ఇస్తానంటోంది. వంటగది బాధ్యతల జాబితాలో నా పేరు, శాకాహారం అనే శీర్షిక కింద, ఆంటీలు ఆ రోజే రాసేసుకున్నారు.